టార్చిలైటుకి ఎందుకు?

మా బాబాయికి ఒకటే జబ్బు, అనుమానం. అదీ మనుషుల మీద కాదు, ఫోన్ల మీద. తెర మీద "అనుమతించండి" అన్న మాట కనబడితే చాలు, కత్తెర పక్కన పెట్టి ఫోన్ని నిలదీసేవాడు: "నీకెందుకు?"

ఆయన టైలరు. కొలతలకి ఎంత పెద్దమనిషి వచ్చినా ముందు ఫోను బిస్కెట్ల డబ్బాలో పెట్టాల్సిందే. ఆ తర్వాత ఒక్కొక్కటే తెరిపించి, ఏ యాప్‌కి ఏం ఇచ్చారో చూసేవాడు.

"టార్చిలైటు వెలగడానికి మీ అత్తగారి నంబరెందుకే అమ్మాయ్?" అని ఓరోజు అందరి ముందూ, షాపులో కొలతలు రాసే నన్ను కడిగేశాడు.

"ఏమో బాబాయ్, అడిగింది, ఇచ్చేశా."

"అడిగితే ఇంటి తాళాలు కూడా ఇచ్చేస్తావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన పిచ్చికి గిరాకీ అంతా ఎదురు షాపుకి పోతుందని నా బెంగ నాది.

ఆ వారమే కాజాలక్క పనిలో చేరింది. కాజాలు కుట్టడంలో ఆమెకి ఆమే సాటి. కానీ ఫోను మోగితే చాలు, సూది వేలికి గుచ్చుకునేది. కొట్టే మొగుణ్ణి వదిలేసి ఊరు దాటి వచ్చింది పాపం. ఆ ఫోను వాడు కొనిచ్చిందే.

బాబాయి దాన్ని తెరిచి, ఒక్కో యాప్ చూస్తూ టార్చిలైటు దగ్గర ఆగాడు.

"ఈ టార్చిలైటు నువ్వెక్కడున్నావో వాడికి చూపిస్తోందమ్మా."

అప్పుడే మెసేజ్ వచ్చింది: "కొత్త షాపు బాగుందా? వస్తున్నా."

"ఆ యాప్ తీసెయ్ బాబాయ్!" అన్నాను.

"తీసేస్తే వాడికి తెలిసిపోతుంది. ఇంకో దారి వెతుక్కుంటాడు," అంటూ ఆ ఫోను తన జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్లుగా తన జాడ ఏ ఫోనుకీ తెలియనివ్వని మనిషి, జాడ చెప్పే ఫోన్నే మోశాడు! ముందు కాజాలక్కని ఇన్‌స్పెక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఫిర్యాదు ఇప్పించి, ఆ ఫోను అక్కడే ఉంచాడు. తర్వాత ఆమెని మా పిన్ని దగ్గర దింపి, "కొలతలు రాయాలి, నడు," అని నన్ను మళ్లీ పోలీస్ స్టేషన్‌కి లాక్కెళ్లాడు.

స్టేషన్ వెనక గదికి సందులోంచి వేరే తలుపుంది. అటునుంచి చూస్తే మామూలు ఇల్లే. లోపల బనీనుతో, చేతులు చాపి నిలబడ్డాడు ఇన్‌స్పెక్టరు. బాబాయి టేపు పట్టాడు. "ఛాతీ నలభై," అంటే కంగారులో నేను పద్నాలుగు అని రాశాను. బయట ఏ చెప్పుల చప్పుడైనా తలుపు వైపే చూసేదాన్ని.

సాయంత్రానికి తలుపు ధడాలున తెరుచుకుంది.

"నా పెళ్లాం ఎక్కడ? ఇక్కడే ఉన్నట్టు నా ఫోన్లో చూపిస్తోంది!"

బాబాయి తల కూడా ఎత్తలేదు. "టార్చిలైటుకి ఆవిడ అడ్రసెందుకు నాయనా?"

ఇన్‌స్పెక్టరు తీరిగ్గా చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకున్నాడు. అది చూసి వాడు తలుపు వైపు పరుగెత్తబోతే చెయ్యి పట్టేశాడు.

"మీ బాబాయి ఇలా పట్టుకొచ్చిన కేసుల్లో ఇది మూడోది," అన్నాడు ఇన్‌స్పెక్టరు నాతో. "నీకు చెప్పలేదా?"

దారిలో బాబాయిని నిలదీశాను. "మరి అందరి ఫోన్లూ ఎందుకు తెరిపిస్తావు?"

"భయపడేవాళ్ల ఫోనొక్కటే అడిగితే సిగ్గుతో ఇవ్వరే పిచ్చిదానా."

ఆ తర్వాత కాజాలక్క కొత్త ఫోను కొనుక్కుంది. తెరవగానే అదేదో అనుమతి అడిగింది. ఆమె బాబాయి వైపు చూసింది.

"నన్నేం చూస్తావు? దాన్నే అడుగు."

ఆమె గొంతు సవరించుకుంది. షాపు దద్దరిల్లేలా అరిచింది:

"నీకెందుకు?"

కొలతలకొచ్చిన పెద్దమనిషి ఉలిక్కిపడి, తన ఫోను తనే డబ్బాలో పెట్టేశాడు.