లెక్కలో లేని ఆదివారాలు

పాస్కా పండుగ, అదే ఈస్టర్, ఎప్పుడొస్తుందా అని మా గుడి విచారణలో అందరూ ఎదురుచూస్తారు. మా అమ్మ ఫిలోమినమ్మ మాత్రం ఇంకో వారం ఆలస్యంగా వస్తే బాగుండునని చూస్తుంది. ఈ మాట గుళ్ళో అంటే ఫాదర్ గారు నొచ్చుకుంటారని పైకి ఎప్పుడూ అనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె పక్కన మోకరించి జపం చెబుతున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా?

కారణం మా నాన్న. కొవ్వూరులో టైల్స్ పనికి జోజిబాబు మేస్త్రి పెట్టింది పేరు. ఆయన పరిచిన గచ్చు మీద గోళీ వదిలితే వదిలినచోటే ఉంటుందంటారు. పని దిగాక మాత్రం ఆయనే నిలబడలేడు. ఏడాది పొడుగునా ఇదే వరస. కానీ విభూది బుధవారం నాడు ఫాదర్ గారు నుదుట బూడిద రాసిన క్షణం నుంచి పాస్కా తెల్లవారేదాకా చుక్క ముట్టడు. అది మా తాతకు ఆయన చివరి రోజుల్లో ఇచ్చిన మాట. తాత ఆ నలభై రోజుల తపస్సు కాలం వరకే అడిగాడు, నాన్న అంతవరకే ఇచ్చాడు. సమాధుల పండుగకి కొవ్వొత్తి వెలిగించినప్పుడల్లా "కాస్త ఎక్కువ అడగాల్సింది తాతా" అని లోపల విసుక్కుంటాను.

ఆ నలభై రోజులూ మాది ఇల్లులా ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకి గేటు చప్పుడవుతుంది. నాన్న స్నానం చేసి, గోళ్ళలో ఇరుక్కున్న సిమెంటు పుల్లతో తీసుకుని, యేసు తిరుహృదయ పటం ముందు చాప పరుస్తాడు. ఏడింటికి ముగ్గురం కూర్చుని జపమాల చెబుతాం. నాన్నది మంచి గొంతు. శుక్రవారాలు గుళ్ళో సిలువ మార్గం చేసేటప్పుడు పద్నాలుగు స్థలాలకీ చెక్క సిలువ మోసేది కూడా ఆయనే.

అమ్మకి బుధ, శుక్రవారాలు ఒక్కపొద్దు. టీ మానేస్తుంది, నీచు ఇంట్లోకి రానివ్వదు. ఇన్ని మానేసి కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఒళ్ళు చేస్తుంది. చీరలకి ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చే పక్కింటి నీలవేణి గారు ప్రతి ఏడూ ఆటపట్టిస్తారు.

"ఏంటండి వదినగారూ, ఉపవాసాలని చెప్పి చాటుగా ఏం లాగిస్తున్నారేంటి?"

ఏమీ లాగించదు. నిద్రపోతుంది. అంతే. తలుపు ఎప్పుడు బాదుతారో, ఎవరు మోసుకొస్తారో అన్న భయం లేకుండా కంటినిండా నిద్రపోతుంది.

ఈ ఏడు సంగతి వేరు. జనవరిలో నాన్న పనిచేసేచోటే రక్తం కక్కుకున్నాడు. నేను రాజమండ్రిలో ఒక స్కానింగ్ సెంటర్లో రిసెప్షన్లో కూర్చుంటాను కాబట్టి తెలిసిన డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రిపోర్టులు చూసి నాన్నకి గట్టిగానే చెప్పారు. తర్వాత ఆయన్ని బయట కూర్చోమని అమ్మతో అన్నారు: "లివరు సగం పాడైందమ్మా. మానేస్తే మిగిలిన సగంతో బతుకుతాడు. మానకపోతే వచ్చే ఏడాది మాట నన్ను అడక్కండి."

ఆటోలో గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ అమ్మ రిపోర్టుల కవరు మడతలు సరిచేసింది. కొవ్వూరు వైపు దిగుతుండగా, "ఈ ఏడు విభూది ఎప్పుడొస్తుందే?" అంది. ఫిబ్రవరి పద్దెనిమిదని చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అప్పటిదాకా మానడని ఆమెకి తెలుసు. మానడం మొదలుపెడితే పాస్కాదాకా ఆగుతాడనీ తెలుసు. అన్నాళ్ళు ఆగినవాడు ఈసారి ప్రాణభయానికైనా ఆ తర్వాత కూడా ఆగుతాడని ఆమె ఆశ. ఆ ఆశ తప్ప మా దగ్గర ఇంకేమీ లేదు.

అనుకున్నట్టే నుదుట బూడిదతో ఇంటికొచ్చి నాన్న సీసా గోడవతల పారబోశాడు. మొదటి వారం చేతులు వణికాయి. రెండో వారానికి అన్నం సహించింది. ఒక సాయంత్రం జపం అయ్యాక చాప చుడుతూ, "ఈసారి పండగయ్యాక కూడా చూద్దాంలే" అన్నాడు. ఎవరితోనూ కాదు, చాపతో అన్నట్టు అన్నాడు. అమ్మ విననట్టే ఉంది కానీ ఆ పూట నీలవేణి గారి చీరకి ఫాల్ తిరగేసి కుట్టింది. మర్నాడు కూర్చుని విప్పుకుంటూ నవ్వుకుంది. నవ్వడం నేను చూశాను.

ఇక నా నిర్వాకం చెబుతాను. ఆదివారాలు పూజ అయ్యాక, మొదటి సత్ప్రసాదానికి తయారయ్యే పిల్లలకి మా వరండాలో జ్ఞానోపదేశం చెబుతాను. తపస్సు కాలంలో మూడో ఆదివారం నాడు ప్రణతి అనే గడుగ్గాయి క్యాలెండరు చుట్టుకుని వచ్చింది.

"టీచర్, మీరు నలభై రోజులన్నారు కదండి. విభూది నుంచి పాస్కా ముందు రోజుదాకా నేను లెక్కేశానండి. నలభై ఆరొచ్చాయండి."

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఈ ప్రశ్నకి జవాబు తెలిసిన టీచర్లు ఎంతమంది ఉంటారు? గొంతు సవరించుకుని మరీ చెప్పాను.

"ఆదివారాలు ఆ లెక్కలో ఉండవమ్మా. ప్రతి ఆదివారమూ ఒక చిన్న పాస్కా. ఆ రోజు ఉపవాసం ఉండదు. ఆరు ఆదివారాలు తీసెయ్యి, ఎంత?"

"నలభై!" అని పిల్లలందరూ అరిచారు. లోపల కిటికీ దగ్గర నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. నీళ్ళ చెంబులో రేజరు ఆడిస్తున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. ఆగడం నాకు వినిపించింది కూడా. పట్టించుకోలేదు.

భోజనాలయ్యాక నాన్న కొక్కేనికున్న చొక్కా తీశాడు. తనతో పనిచేసే బుజ్జిబాబు ఇంట్లో బాత్రూం కొలతలు చూడాలన్నాడు. సరిగ్గా ఆరున్నరకే తిరిగొచ్చాడు. చాప పరిచాడు. ఆయన వంతు మంగళవార్త జపాలు మొదలుపెట్టగానే వాసన గుప్పుమంది. పూస మీద అమ్మ వేలు కదల్లేదు. జపం ఆగకుండా పూర్తిచేసి, సిలువ గుర్తు వేసుకుని, అప్పుడు అడిగింది.

"ఏంటండీ ఇది?"

నాన్న తల దించుకోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మాట తప్పలేదే పిలోమినా. ఆదివారం లెక్కలో లేదంట. క్లారే చెప్పింది గదా పిల్లలకి" అని నావైపు తిరిగాడు. "తప్పా అమ్మడూ?"

తప్పని అనలేకపోయాను. అని ఉండాల్సింది. ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది.

మర్నాడు డ్యూటీ నుంచి సరాసరి ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. వచ్చే ఆదివారం ప్రసంగంలో ఆదివారాలు కూడా లెక్కేనని చెప్పమని బతిమాలాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నువ్వు చెప్పింది నిజమే కదమ్మా. పీఠం ముందు నిలబడి అబద్ధం ఎలా చెప్పను? మీ నాన్నతో విడిగా మాట్లాడతాను."

మాట్లాడారు. నాన్న చేతులు కట్టుకుని, "అలాగేనండి ఫాదర్" అని విన్నాడు. ఆదివారం రాగానే మళ్ళీ చొక్కా తీశాడు. మిగతా ఆరు రోజులూ మాత్రం నిష్ఠగా ఉండేవాడు. శనివారం బుజ్జిబాబు గ్లాసు చేతికిచ్చినా, "ఆయ్, ఇయ్యాల తపస్సు కాలం రా" అని లేచి వచ్చేశాడట. ఇంత నిజాయితీ ఉన్న తాగుబోతుని ఏమని తిట్టాలో నాకు తెలియలేదు. ఆయన మాట ఇచ్చింది తాతకి, దేవుడికి. డాక్టరుకి ఇవ్వలేదు, లివరుకి అంతకంటే ఇవ్వలేదు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక చెంపదెబ్బ వేసినా హాయిగా ఉండేది. "తిట్టవే అమ్మా" అని ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. "నువ్వు అబద్ధం చెప్పలేదుగా" అని సూదిలోకి దారం ఎక్కించుకుంది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం మా ఇద్దరికీ వడ్డించి, తన కంచం కడిగి పొయ్యిగట్టు మీద బోర్లించింది.

"తినవా?"

"ఇవాళ ఒక్కపొద్దు."

"ఆదివారం ఒక్కపొద్దేంటమ్మా? ఉండకూడదు" అన్నాను. టీచరమ్మని కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది!

"లెక్కలో లేని రోజేగా" అంది. నాన్న ముద్ద నోటి దగ్గర ఒక క్షణం ఆపి మళ్ళీ తిన్నాడు.

ఒక్కపొద్దంటే ఒక పూటైనా తింటారు. అమ్మ ఆ ఆదివారాలు రాత్రికి కూడా తినలేదు. ఆమెది బీపీ ఒళ్ళు. మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి. మాత్ర రేకులో అలాగే ఉండిపోయేది. ఐదో ఆదివారం ఆనవాయితీ ప్రకారం పటాలకి ఊదారంగు గుడ్డ కప్పింది, కంచం బోర్లించింది. పాస్కాకి ముందరి మ్రానికొమ్మల ఆదివారం నాడు గుడి మెట్ల మీద తూలిపడబోతే నాన్నే రెక్క పట్టుకున్నాడు. ఇంటిదాకా నడిపించుకొచ్చి, దీవించిన కొబ్బరాకుని పటం వెనక దోపి, రెండింటికి చొక్కా తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికే ఆయన పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. ఇద్దరూ పోటీపడి నా కళ్ళముందే తగ్గిపోతున్నారు. మొదలుపెట్టింది నేను. ఆ వారంలో నేను మొక్కని పునీతుడు లేడు.

పాస్కా వచ్చింది. ఏప్రిల్ ఐదు. పొద్దున పూజ నుంచి రాగానే అమ్మ ఊదారంగు గుడ్డలు తీసి మడతపెట్టింది. నాన్న మాంసం తెచ్చాడు. అమ్మ అల్లంవెల్లుల్లి తనే నూరి కూర వండింది. మాకు వడ్డించింది. ఆ తర్వాత గట్టు మీద కంచం బోర్లించిన చప్పుడు వినిపించింది.

"పండగపూట కూడానా?" అన్నాడు నాన్న.

"ఇదీ ఆదివారమేగా అండి."

సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. కొక్కెం దగ్గరికి నడిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అడ్డం నిలబడబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళనీ. ఇచ్చిన మాట నిన్నటితో అయిపోయింది. ఇక ఆయన్ని ఎవరూ తప్పుపట్టడానికి లేదు."

నాన్నకి ఈ మెతకదనం కొరుకుడు పడలేదు. ఒక చెయ్యి చొక్కాలో దూర్చి ఆగాడు.

"నువ్వు తిను మరి."

"మీకు లెక్కలో లేని రోజున నేను తినను."

"రేపు తింటావా?"

"రేపట్నుంచి మళ్ళీ విభూదిదాకా అన్నీ లెక్కలో లేని రోజులేగా అండి" అంది అమ్మ. గొంతు పెంచలేదు. కూర చల్లారింది అన్నంత మామూలుగా అంది.

నాన్న పెదవులు కదిలాయి. మేస్త్రి కదా, లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది.

"పిచ్చెక్కిందేంటే నీకు? బీపీ మనిషివి, చచ్చిపోతావు!"

"మీకు డాక్టరు గారు చెప్పిందీ అదేగా."

నాన్న అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. చొక్కా రెండో చెయ్యి నేలకి వేలాడుతోంది. మారిపోయాడని చెప్పను, అంత తేలికైతే ఇరవై ఐదేళ్ళు పట్టేది కాదు. కానీ వెళ్ళలేదు. ఆరున్నరకి లేచి చాప పరిచాడు. జపం అయ్యాక అమ్మ కంచం తిరగేసి, చల్లటి అన్నం నాలుగు ముద్దలు తిని, మాత్ర వేసుకుంది. సోమవారం పొద్దున మళ్ళీ బోర్లించింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. పొద్దున కంచం బోర్లపడుతుంది. సాయంత్రం నాన్న తాగకుండా గేటు తీసుకుని వస్తే తిరగబడుతుంది. నాకు ఇద్దరి మీదా కోపమే. పస్తులుండి మొగుణ్ణి మార్చుకోవచ్చని నేను ఏ పిల్లకీ పాఠం చెప్పను, చెప్పబోను. అలాగని ఆ కంచాన్ని నా చేత్తో తిరగేసే ధైర్యమూ నాకు లేదు. దాని మీద ఇప్పుడు ఇద్దరి ప్రాణాలున్నాయి.

నిన్న ఆరున్నరకి గేటు చప్పుడు కాలేదు. ఆరూ నలభై ఐదు అయింది. అమ్మ ఫాల్ కుడుతూనే ఉంది కానీ సూది ఒకే చోట దిగుతోంది. ఏడింటికి గేటు తీసిన చప్పుడైంది. నాన్న గుమ్మంలోనే నిలబడి, చిన్నపిల్లాడిలా, "రాజమండ్రి నుంచి వస్తుంటే వంతెన మీద లారీ ఆగిపోయింది పిలోమినా, బస్సు కదల్లేదు" అని, అడక్కుండానే ఆమె ముఖానికి దగ్గరగా వచ్చి నోరు తెరిచి ఊపిరి వదిలాడు. అమ్మ లేచి వెళ్ళి కంచం తిరగేసింది. అది గట్టుకి తగిలి మోగింది. నాకు ఏడుపు ఆగలేదు.

పాస్కా అయి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. వచ్చే విభూది బుధవారానికి ఇంకా రెండొందల తొంభై రెండు ఉన్నాయి. నేనే లెక్కేశాను. ఈసారి ఆదివారాలు తీసేయలేదు.