అడుగున ఒక వాక్యం

ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన బంద్ నాడు మధుకర్ దిల్‌సుఖ్‌నగర్‌లోని తన గది నుంచి ఎల్బీనగర్ దాకా నడిచే వచ్చాడు. నీటి పరీక్షల ల్యాబ్ షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాడు. అక్కడ మెయిల్ సర్వర్ చూసేది అతనొక్కడే.

యజమాని పట్టాభి నిలబడే ఉన్నాడు. భీమవరం నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి.

"విశాఖ ఫ్యాక్టరీ వాళ్లు మన రిపోర్టు తిప్పి పంపారు. నా డిజిటల్ సంతకం చెల్లదట. సంతకం పెట్టాక మెయిల్‌ని ఎవరో మార్చారట. సర్వర్ గది తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరనే సార్."

"నిన్న వంటావార్పులో కూర్చున్నావంట?"

"కూసున్న. రోడ్డు మీద అన్నం వండిన్రు, తిన్న. గంతే."

"తిన్నది అరిగిందా, కడుపులో ఇంకా ఉద్యమం నడుస్తోందా?"

సాయంత్రంలోగా సంగతి తేలకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు పట్టాభి.

మధుకర్ కూర్చోలేకపోయాడు. లేచాడు, నీళ్లు తాగాడు, మళ్లీ కూర్చున్నాడు. బయట నినాదాలు దగ్గరికి వచ్చి దూరమయ్యాయి. తెలియక తనే ఏదైనా కదిపాడా?

పట్టాభి సంతకం చేసిన మెయిల్‌నీ ఫ్యాక్టరీ తిప్పి పంపిన మెయిల్‌నీ పక్కపక్కన పెట్టి చదివాడు. అంకెలన్నీ అవే. తిప్పి పంపినదాని అడుగున మాత్రం ఒక వాక్యం ఎక్కువ ఉంది: "మా సంస్థ ఏ పక్షానికీ చెందదు."

గొడవలకు జడిసి మొన్ననే పట్టాభి పెట్టించిన వాక్యం అది. బయటికి పోయే ప్రతి మెయిల్ కిందా సర్వర్ తనంతట తానే అతికిస్తుంది. అమర్చింది మధుకరే. సంతకం పడ్డాక అతుకుతుందని అప్పుడు తట్టలేదు.

పోచంపల్లిలో నాన్న కోదండం నూలుకు ముడులు కట్టి రంగులో ముంచేవాడు. కట్టాక ఒక్క పోగు జరిగినా మగ్గం మీద పువ్వు చెదిరేది. అది చూస్తూ పెరిగి కూడా ఈ సంగతి పట్టుకోలేకపోయాడు.

"సార్, మార్చింది మనమే. మీరు చెప్పిన్రు, నేను పెట్టిన."

పట్టాభి వంగి ఆ వాక్యం చదివాడు.

"తీసేస్తే ఏమనుకుంటారో?"

"ఎవరు సార్?"

ఎవరో షట్టర్ మీద బాదుతూ పోయారు. పట్టాభి ఉలిక్కిపడ్డాడు.

"తియ్యి," అన్నాడు.

తీశాడు. పట్టాభి మళ్లీ సంతకం చేసి పంపాడు. మధుకర్ షట్టర్ దాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. పొద్దు వాలే వేళకు జవాబు వచ్చింది. సంతకం సరిపోయింది.

"రేపు రా," అన్నాడు పట్టాభి, తల ఎత్తకుండా.

మధుకర్ సర్వర్ గది తాళం బల్ల మీద పెట్టాడు.

"మీ దగ్గరనే పెట్టుకోండ్రి సార్. పొద్దుగాల అడిగి తీసుకుంట."