నాగవ్వ సాక్ష్యం

సోన్‌పల్లిలో పేరున్నవాళ్లెవరని అడిగితే ముసలివాళ్లు ముందు మధుసూదన్‌రావు దొర పేరు చెబుతారు. నిజాం కాలంలో ఇచ్చోడ అవతలి ఈ చిన్న ఊరికి తాలూకా కచేరీ తెప్పించింది ఆయనే. ఆ తర్వాత నాందేడ్ మల్లులను మట్టి కరిపించిన సిద్దిరాములు పహిల్వాన్. చేపలమ్మే నాగవ్వ పేరు ఎవరూ తలవరు. తలిచినా ఉమ్మేసి తలుస్తారు.

నాగవ్వ భర్త అంకయ్య వల వేస్తూ చెరువులో మునిగి చనిపోయాడు. చంకలో ఉన్న సంపత్‌ను ఆమె చేపల గంప మోసి పెంచింది. పెద్దయ్యాక వాడు ఆటో తోలాడు, ప్రవళికను పెళ్లాడాడు. కూతురు అమూల్య అంటే ప్రాణం వాడికి.

ఆ ఏడు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని అందరి ఫోన్లలో ఒకటే పుకారు. అలాంటివాళ్లు ఎవరూ దొరకలేదు. కానీ అంతా ఎదురుచూస్తున్నారు.

అంగడి రోజున కిన్వట్ నుంచి దగడు అనే మరాఠీవాడు కత్తులు నూరే సాన చక్రంతో వచ్చి, నాగవ్వ కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు. నిప్పురవ్వలు చూసి నానమ్మ పక్కనున్న అమూల్య చప్పట్లు కొట్టింది. దగడు నవ్వి పిల్ల చేతిలో పిప్పరమెంటు పెట్టాడు. ఎవడో దాన్ని ఫోన్‌లో తీసి, పిల్లల దొంగ దొరికాడని అందరికీ పంపాడు.

చక్రం ఆగకముందే జనం మీద పడ్డారు. మొదటి దెబ్బకే దగడు పళ్లు రాలాయి. మరాఠీలో ఏదో మొత్తుకుంటుంటే, ఆ భాషే రుజువన్నట్టు ఇంకా తన్నారు. ఒకడు సాన చక్రమే ఎత్తి వాడి మోకాలు మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు చేపల వరుస చివరిదాకా వినిపించింది.

"ఇడ్సిపెట్టుండ్రి! పిల్ల నా తాన్నే ఉన్నది!" నాగవ్వ అరిచింది. ఎవరూ వినలేదు.

ఆటో స్టాండు నుంచి సంపత్ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో జాకీ రాడ్డు. నాగవ్వ అమూల్యను రెండు చేతులా తలపైకి ఎత్తింది.

"సంపతీ, గిటు సూడు బిడ్డా! నీ పిల్ల మంచిగనే ఉన్నది!"

సంపత్ చూశాడు. పిల్ల ముఖం, తల్లి ముఖం రెండూ చూశాడు. తిరిగి దగడు తల మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

పిల్లను పక్క బుట్టల మధ్య దించి నాగవ్వ దగడు మీద బోర్లా పడింది. ఎవరి కర్రో ఆమె మణికట్టు విరగ్గొట్టింది. కింద వాడి నెత్తురు ఆమె రవికలోకి ఇంకుతోంది.

"మావ్శీ... పాణీ..." అన్నాడు దగడు, ఆమెను పిన్నీ అని పిలిచి నీళ్లడుగుతూ.

పోలీసు జీపు ఆదిలాబాద్ చేరేలోపే వాడు పోయాడు.

కులపెద్దలు ఇంటికొచ్చారు. పెద్ద మనిషి రామచంద్రం నచ్చజెప్పాడు. "ఊరంతా కొట్టింది నాగవ్వా. నువ్వేం సూడలే. గంతే."

ప్రవళిక అత్త కాళ్లు పట్టుకుంది. "నీ కడుపున పుట్టినోడే గదా అత్తా!"

"వాడు తెల్వక కొట్టుంటే నేనే దాసిపెడుదును," అంది నాగవ్వ. "పిల్లను ఎత్తి సూపిచ్చిన. సూసిండు. సూసి మల్ల కొట్టిండు."

కోర్టులో కూడా అదే మాట చెప్పింది. బోనులోని కొడుకును చూస్తూనే చెప్పింది. సంపత్‌కూ మరికొందరికీ యావజ్జీవం పడింది. బయటికొచ్చాక ఆమె మెట్ల మీద కూలబడి, విరిగి వంకరగా అతుక్కున్న చేత్తో రొమ్ము బాదుకుంటూ ఏడ్చింది.

ప్రవళిక కూతురితో పుట్టింటికి పోయింది. ఎవరో నాగవ్వ పాకకు నిప్పు పెట్టారు. ఊళ్లో ఆమె చేప ఎవరూ కొనలేదు. గంప నెత్తినెట్టుకుని ఇచ్చోడకు పోయి హైవే పక్కన అమ్ముకుంది.

జైల్లో సంపత్ చాన్నాళ్లు ఆమెను చూడనన్నాడు. పోయిన దసరాకు ములాఖత్ గదిలోని ఇనప జాలీ దాకా వచ్చాడు.

"ఎందుకొస్తున్నవే?"

"నువ్వున్నవు గదా."

వాడు జాలీకి తల ఆనించి నిలబడ్డాడు, సిపాయి పిలిచేదాకా.

ఈమధ్య ములాఖత్‌కు ప్రవళిక కూడా వస్తోంది. ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు, ఒక్క మాటా అనుకోరు. కిటికీ పక్క సీటు మాత్రం ప్రవళిక అత్తకే వదులుతుంది.