రెబెకమ్మ కొండముచ్చు

మా బడిలో పద్దెనిమిదేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతున్న రెబెకమ్మకు ఉదయగిరి కొండ కోతులన్నీ మొహం చూస్తే గుర్తే. "ఇవి అక్కడికక్కడ మింగవు సార్. దవడ సంచుల్లో కుక్కుకొని, గోడెక్కి తీరిగ్గా నమల్తాయి" అని జీవశాస్త్రం చెప్పే నాకే పాఠం చెప్పేది. "కొండముచ్చుకు ఆ సంచులుండవు, దాని తిండి ఎక్కువగా ఆకులే" అని నేనూ నా చదువు చూపించుకునేవాణ్ణి.

ఆ నెలలో కోతులు రెండుసార్లు వంటశాల మీద పడి గుడ్లన్నీ కాజేశాయి. హెడ్మాస్టరు రామనారాయణగారికి విసుగొచ్చింది. "ఇంకొక్క ట్రే పోయిందంటే వంటకు వేరే మనిషిని చూసుకుంటాం" అనేశారు. ఆరోజు రెబెకమ్మ కీర్తన పాడకుండా పప్పు ఎనిపింది. అలా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

ఊరుకోలేక, "కోతికి కొండముచ్చంటే హడలు. ఫ్లెక్సీ కడదాం" అన్నాను. నల్లటి మొహం, బూడిదరంగు ఒళ్లు, ఒంటికన్నా పొడవైన తోక ఉన్న మంచి ఫొటో ఒకటి ఆత్మకూరులో ఫ్లెక్సీలు వేసే డేవిడ్‌రాజుకు పంపాను. ఫ్లెక్సీ చుట్ట బస్సులో వచ్చింది. బొమ్మ సరిగా చూసుకోకుండానే గర్వంగా వంటశాల గోడకు కట్టించాను.

కాసేపటికి ఓ కోతి వచ్చింది. ఫ్లెక్సీని ఎగాదిగా చూసి, దాని పక్కనే చేరి ఒళ్లు గోక్కుంటూ కూర్చుంది.

"ఏంది సార్, పెళ్లిచూపులకొచ్చినట్టు కూర్చున్నాది?" అంది రెబెకమ్మ.

దగ్గరికెళ్లి చూద్దును కదా, కొండముచ్చు మొహం తెల్లగా, బుగ్గలు గులాబీ రంగులో మెరుస్తున్నాయి! డేవిడ్‌రాజుకు ఫోన్ చేశాను.

"ఫేసు మరీ నల్లగా ఉండాదని బ్రైట్ చేసినాను సార్. అందరికీ చేస్తాం. మొన్న మీ సన్మానం ఫ్లెక్సీకీ చేసినా కదా, అప్పుడు మీరేం అనలేదే!"

నా ఖర్మకు ఫోన్ స్పీకర్లో ఉంది. రెబెకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీండి సార్, దేవుడిచ్చిన మొహం దానికి మళ్లీ ఇచ్చేద్దాం" అని గుండిగ అడుగు మసి గీకి నూనెలో కలిపింది. నేను స్టూలు పట్టుకున్నాను, ఆమె ఎక్కి పూసింది. మసి చుక్కలు నా మొహం మీద పడుతూనే ఉన్నాయి.

మళ్లీ వచ్చిన కోతి ఈసారి తలెత్తి చూసిందో లేదో, కీచుమని కొండవైపు లగెత్తింది. వెనకున్న గుంపూ దానివెంటే. ఆరోజు ట్రేలో గుడ్లు ట్రేలోనే ఉన్నాయి.

రామనారాయణగారు వచ్చి ఒక్క కోతీ లేని గోడను చూసి ఆశ్చర్యపోయారు. "ఎట్లా పోయినాయి రెబెకమ్మా?"

"కొండముచ్చులు రెండు కాపలా ఉండాయి సార్" అందామె, నా మొహం వంక చూస్తూ.

నేను నుదురు తుడుచుకుని అరచేయి చూసుకున్నాను. వంటశాల లోపల రెబెకమ్మ కీర్తన మొదలైంది.