డబ్బా నోట్లో సద్దిగుడ్డ

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి కారణం భయం కాదు, నాకు అక్షరాలు రాకపోవడమే. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలి మా బాపు చనిపోయాక అమ్మ కూలికి పోయింది. తమ్ముళ్లను ఎత్తుకుని నేను ఇంట్లో ఉండిపోయాను. ఇంటికి కోడలు వచ్చాక, ఆమె దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను.

తెలంగాణ రాకముందు, నా భర్త పనిచేసే బాయిలోకి ఇంజనీర్లు కొత్తరకం డబ్బాలు తెచ్చారు. కప్పుకు బిగిస్తే, మన చెవికి అందని బండ పగుళ్ల చప్పుడు అవి వింటాయట. చప్పుడు ఎక్కువైతే కూత పెడతాయట. కూత వినగానే అందరూ పని వదిలి బయటికి రావాలి. ఇంకా పరీక్షలోనే ఉన్నాయన్నారు. అయినా ఆ మాట విన్నరోజు నాకు కంటినిండా నిద్ర పట్టింది.

అప్పటినుంచే నేను సద్దిగిన్నెకు కట్టి పంపే గుడ్డలు తిరిగి రావడం మానేశాయి. పాత చీర చింపి మళ్లీ మళ్లీ కట్టాను. ఒక సాయంత్రం నా భర్తను అడిగాను.

"గుడ్డలు యాడ పోతున్నయయ్యా?"

అతనితో డ్యూటీ చేసే మనిషి మా ఇంటి ముందు గద్దె మీదే కూర్చుని ఉన్నాడు. పడీపడీ నవ్వాడు. "డబ్బా నోట్ల కుక్కినం వదినె. దానికి దగ్గు లేసింది. నీ చీర పేలికతోని తగ్గింది."

నా భర్త కూడా నవ్వాడు. "ఊకె మొత్తుకుంటది. మాటిమాటికి బయటికొస్తే బొగ్గెవడు తీస్తడు? పని చేయించే సర్దార్ తిడతడు. ఇంజనీర్లు దిగేముందు గుంజి పారేస్తున్నం తియ్."

"కప్పు మీద పడితే?"

"పడేముందు కప్పు కింద ఆసరాకు పెట్టిన కట్టెలు కిర్రుమంటయి. అవే చెప్తయి."

"మా బాపుకు చెప్పినయా కట్టెలు?"

ఆ మనిషి తంబాకు ఉమ్మాడు, నేను ఊడ్చిన వాకిట్లోనే. నా భర్త కాళ్లు కడుక్కుని, "కూరేం వండినవ్?" అన్నాడు.

అన్నం పెట్టాను గానీ, అతను ముద్ద కలుపుతుంటే చూడలేకపోయాను. నేను ఉతికి ఆరేసిన గుడ్డను ఆ చేతులతోనే కుక్కాడు. పిల్లల తండ్రి. నేను ఆ పూట తినలేదు.

మర్నాడు పొద్దున సద్ది కట్టి, గిన్నె అతని చేతికివ్వకుండా వెంట బాయి దాకా నడిచాను. మొదటి షిఫ్టు వాళ్లంతా దీపాలు తీసుకుంటున్నారు. అందరి ముందే ఇంజనీరును ఆపాను.

"సారూ, మా ఇంటి గుడ్డలు మీ డబ్బాల నోళ్లల్ల ఉన్నయట. తీసి పంపుండ్రి. అవి నా చేతికొచ్చేదాక మా ఆయన బాయి దిగడు."

నా భర్త తల దించుకున్నాడు. నేను సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని, వాళ్లు దిగే దారికి అడ్డంగా కూర్చున్నాను.