కంట్రోలక్క అడ్డుపడిన రోజు

ట్యాక్సీ ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునే ఆవిణ్ణి డ్రైవర్లందరూ కంట్రోలక్క అంటారు. పేరుకే కంట్రోలు. ఎవరి మాటకూ అడ్డు వెళ్లడం ఆ మహాతల్లికి చేతకాదు. అత్తగారు చెప్పిన సంగతే మళ్లీ చెబుతున్నా చివరిదాకా ఊకొట్టే రకం.

మొదట్లో ఓనరు లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలు కొన్నాడు. ఊరికే వచ్చే తరంగాలు కదా, అందరూ వాటిమీదే పడ్డారు. వాచ్‌మన్లు, పిల్లల బొమ్మ సెట్లు, అన్నీ కలిసి ఒకటే గోల. విసిగిపోయి ఫీజు కట్టి సొంత ఛానెల్ తీసుకున్నాడు. అందులో సగంసేపు ఎవరూ మాట్లాడరు, ఫీజు మాత్రం తగ్గదు. ఆ ఖాళీలో మేం మాట్లాడుకుంటాం, ఫీజులో సగం భరిస్తామని కాంక్రీటు ప్లాంటువాళ్లు వస్తే ఎగిరి గంతేశాడు. షరతు ఒక్కటే: ట్యాక్సీకి పని పడితే కాంక్రీటువాళ్లు ఆగాలి. అక్క సెట్టుకున్న మీట నొక్కితే వాళ్ల మాట తెగిపోయేలా అమర్చారు.

ఆవిడ నొక్కితే కదా! ప్లాంటు సూపర్‌వైజరు కబుర్లు అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. ఈలోగా బేరాలు వేరే బండెక్కి పోయేవి. డ్రైవర్లు నెత్తీనోరూ కొట్టుకున్నారు. ఇలాగైతే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతానని ఓనరు చెప్పేశాడు. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. అయినా మీట జోలికి చెయ్యి పోలేదు.

ఒక మధ్యాహ్నం మాటల సందులో డ్రైవరు బక్కన్న గొంతు వినబడింది. బండిలో పెద్దాయనకు గుండెనొప్పి, వంతెన మీద ఒక్క బండీ కదలడం లేదు. అంతలోనే సూపర్‌వైజరు మళ్లీ అందుకుని ఎవర్నో తిట్టసాగాడు.

అక్క మీట నొక్కింది. "బాబూ, మీరంతా ఆగండి. వంతెన మీద బక్కన్నకు దారి కావాలి."

"అక్కడ అడ్డంగా ఉన్నది నా లారీయే అక్కా. తీసేస్తున్నా," అన్నాడు కాంక్రీటు డ్రైవరెవరో.

తర్వాత ఎవరూ నోరు మెదపలేదు. ప్లాంటులో కలిపిన కాంక్రీటు గట్టిపడిపోతున్నా సూపర్‌వైజరు కిక్కురుమనలేదు. ఆసుపత్రికి చేర్చానని బక్కన్న చెప్పాకే, "పెద్దాయనకు పర్లేదా అక్కా?" అని అడిగాడు.

పర్లేదట అని చెప్పేసరికి ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మాట కోసం అంతమంది ఆగడం ఆమె ఎరగదు.

మర్నాడు సూపర్‌వైజరు కబుర్లు మంచి ఊపులో ఉండగా అక్క మీట నొక్కి మధ్యలోనే అందుకుంది. ఆపదేమీ లేదు. ఎవరో స్టేషన్‌కు వెళ్లాలట, అంతే.