అడుగు పొరలో మా గేటు స్తంభం

తిరుమలగిరిలో మా నాన్నగారు అమ్మేసిన స్థలంలో ఎవరో ప్లాట్లు వేసి, మొన్న కంకర రోడ్డు మొదలుపెట్టారు. మా బంగళాకు గుర్తుగా మిగిలింది ఒక గేటు స్తంభమే. అది సరిగ్గా రోడ్డుకు అడ్డంగా ఉంది.

మేస్త్రి నన్ను పిలిపించాడు. "పెద్దసారూ, స్తంభం ఉండనీయుండ్రి. రోడ్డునే జెర పక్కకు తిప్పుతం."

ఆ నేలమీద పరాయివాళ్ళ దయ నాకు మింగుడుపడలేదు. "మా ఇంటివాళ్ళం ఎవరినీ పక్కకు జరగమని అడగలేదు. కూల్చెయ్యండి."

"మల్ల పరేషాన్ గావొద్దు సార్."

"కాను."

స్తంభాన్ని పడగొట్టి సుత్తులతో పగలగొట్టారు. తవ్వి చదును చేసిన నేలమీద పెద్ద రాళ్ళను అడుగు పొరగా పేర్చారు. మా రాళ్ళూ వాటిలో కలిశాయి.

"గిసొంటి రాయి క్వారీల సుత దొరకది," అని ఒక కూలీ మెచ్చుకున్నాడు. నేను నిటారుగా నిలబడి విన్నాను.

సందుల్లో సన్న కంకర నింపి, పైన ఎర్ర మొరం పరిచి, ట్యాంకరు నీళ్ళతో తడిపారు. రోలరు అంచుల నుంచి మధ్యకు తొక్కుకుంటూ వచ్చింది.

మర్నాడు మా ఆవిడను తీసుకెళ్ళాను. రోడ్డంతా ఒకే ఎరుపు.

"ఎక్కడుండేదండీ?" అంది.

నాకు ఆనవాలు దొరకలేదు. చేతికర్రతో ఏదో ఒక చోటు చూపించి, "ఇక్కడే" అన్నాను.